ఆకు మనది, రేటు రాసే చెయ్యి ఎవరిది?



ఒక వేసవిలో తునికాకు కల్లం దగ్గర జరిగిన మాట ఇది. కట్టకు ఇంకో పావలా పెంచమని మా గూడెం ఆడవాళ్లు గట్టిగా అడుగుతున్నారు. కాంట్రాక్టర్ మనిషి ఫోన్ చూసుకుంటూనే జవాబిచ్చాడు: "ఆకు మీద జీఎస్టీ 18 శాతం ఉంది, మాకే గిట్టట్లేదు, ఇంకేం పెంచాలె?" అందరూ ఊరుకున్నారు. ఒక అవ్వ మాత్రం నా వైపు తిరిగి అడిగింది.

"గా జీఎస్టీ ఎవరేసిండ్రు బిడ్డా? మన ఎమ్మెల్యేనా?"

"కాదవ్వా. ఢిల్లీల ఒక కౌన్సిల్ ఉంటది. అండ్ల ఏసిండ్రు."

"అండ్ల మనోళ్లు ఎవలున్నరు?"

"ఎవలు లేరవ్వా."

"మరి ఎవలిని అడగాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె మళ్లీ కట్టలు లెక్కపెట్టుకోవడంలో పడిపోయింది. నేనైతే ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. డిగ్రీ చదివినోణ్ణి, సంఘం మీటింగుల్లో మైకు పట్టుకుంటాను, పెసా చట్టం సెక్షన్లు నోటికి చెప్తాను. మన అడవిలో పుట్టిన ఆకు మీద పన్ను ఎవరిని అడిగితే తగ్గుతుందో మాత్రం చెప్పలేకపోయాను.

పన్నుల మీద కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య జరిగే గొడవ టీవీలో చూస్తుంటాం. మన గ్రూపుల్లో దాని గురించి ఎప్పుడైనా ఎవరైనా పోస్టు పెడితే కింద ఒకటే కామెంట్: "ఢిల్లీ అయినా హైదరాబాద్ అయినా మనకు ఒకటే, ఇద్దరూ దోచుకునేటోళ్లే." ఈ మాట వినడానికి బాగుంటుంది. సగం నిజం కూడా. ఆ మిగతా సగం గురించే ఈ వ్యాసం. ఇద్దరూ దోచుకునేవాళ్లే అయినా, ఒకడి గేటు ముందు కూర్చోగలిగే దూరం, రెండోవాడి గేటు ఎక్కడుందో కూడా తెలియని దూరం ఒకటి కాదు.

2017 జూలై 1 ముందు వరకు సరుకుల అమ్మకం మీద పన్ను రేటు చాలావరకు రాష్ట్రాల చేతిలో ఉండేది. వ్యాట్ రేటు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన చట్టంలో రాసుకునేది. ఎక్కువ వేస్తే అసెంబ్లీలో అరిచేవాళ్లు, ఐటీడీఏ ముందు ధర్నా చేసేవాళ్లు, మంత్రి ఊరికొస్తే కారుకు అడ్డం పడేవాళ్లు. అది స్వర్ణయుగమని నేను అనడం లేదు. కానీ అడ్డం పడడానికి ఒక కారంటూ ఉండేది.

2016లో 101వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 279ఏ అధికరణం కింద జీఎస్టీ కౌన్సిల్ పుట్టింది. కేంద్ర ఆర్థిక మంత్రి దానికి అధ్యక్షులు. కేంద్ర సహాయ మంత్రి ఒకరు, రాష్ట్రాల ఆర్థిక మంత్రులు సభ్యులు. ఓట్ల లెక్క ఎలా ఉందో చూడండి, ఇది మనలో చాలామందికి తెలియదు. కేంద్రం ఓటు బరువు మూడింట ఒక వంతు. దేశంలోని అన్ని రాష్ట్రాలదీ, శాసనసభ ఉన్న ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్మూకశ్మీర్‌లదీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయం నెగ్గాలన్నా నాలుగింట మూడు వంతుల బరువు, అంటే 75 శాతం కావాలి. ఇప్పుడు మీరే లెక్క కట్టండి. అన్ని రాష్ట్రాలూ ఒక్క తాటి మీదకొచ్చి "ఆకు మీద పన్ను తీసేయండి" అని చేతులెత్తినా 66.67 దగ్గరే ఆగిపోతారు. కేంద్రం తల ఊపకపోతే ఆ పని జరగదు. అదే కేంద్రం ఇరవై రాష్ట్రాలను తన వైపు తెచ్చుకుంటే మిగతా పదకొండు ఏమన్నా లెక్కలేదు. తెలంగాణ బరువు ఎంత? సుమారు 2.15 శాతం. ఆంధ్రప్రదేశ్‌దీ అంతే. ఒడిశాదీ అంతే. దేశంలో సగం అడవి ఉన్నా, అసలు అడవే లేకపోయినా అంతే.

"కౌన్సిల్‌లో ఎప్పుడూ ఏకాభిప్రాయమే, ఓటింగ్ దాకా రాదు" అని చెప్తారు. నిజమే, దాదాపు ఎప్పుడూ రాలేదు. మొట్టమొదటిసారి ఓటింగ్ జరిగింది 2019 డిసెంబర్‌లో. దేని మీద అనుకుంటున్నారు? లాటరీ టికెట్ల మీద. లాటరీకి ఉన్న పాటి పట్టుదల మన ఆకుకు దొరకలేదు.

ఇక మన సరుకుల కథకు వద్దాం.

విస్తరాకు తెలుసు కదా. మోదుగాకు, అడ్డాకు పుల్లతో కుట్టి అమ్ముకునే విస్తరాకు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆకులతో, పూలతో, బెరడుతో చేసిన పళ్లేలు, కప్పుల మీద 5 శాతం పన్ను వేశారు. ఎండు చింతపండు మీద కూడా 5 శాతం వేశారు. ఈ రెండూ మన ఆడవాళ్ల చేతి సరుకులే. వాటి మీద పన్ను సున్నా చేయడానికి కౌన్సిల్‌కు 2019 సెప్టెంబర్ 20 దాకా పట్టింది. గోవాలో జరిగిన 37వ సమావేశంలో తీసేశారు. ప్లాస్టిక్ తగ్గించాలని ఊరూరా ఉపన్యాసాలు చెప్పిన ఈ దేశం, ఆకు పళ్లెం మీద రెండేళ్లకు పైగా పన్ను వసూలు చేసింది. ఎవరికో కోపం వచ్చి వేసిన పన్ను కూడా కాదు ఇది. ఢిల్లీలో వందల సరుకుల జాబితా ఒక్కసారే తయారవుతుంటే ఆ గదిలో విస్తరాకు కుట్టిన చెయ్యి ఒక్కటీ లేదు. అంతే జరిగింది. నాకు కోపం కన్నా భయం వేసేది ఇక్కడే. పగ లేకుండానే ఇంత నష్టం చేయగలిగేంత దూరంలో ఆ గది ఉంది.

తునికాకుది ఇంకా పెద్ద కథ. దాని మీద ఏకంగా 18 శాతం. ఒడిశాలో నవీన్ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ పన్ను తీసేయమని కేంద్రానికి ఉత్తరాలు రాశారు, వాళ్ల పార్టీ రోడ్డెక్కింది కూడా. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి తన అడవిలో పండిన ఆకు మీద పన్ను మార్చడానికి ఇంకో ఊరికి ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చోవాల్సి వచ్చింది! చివరికి 2025 సెప్టెంబర్ 3న, 56వ సమావేశంలో, 18ని 5 చేశారు. ఎనిమిది ఆకు సీజన్లు గడిచిపోయాక.

"మరి తగ్గించారు కదా, ఇంకేం గొడవ?" అంటారా. తగ్గించినందుకు సంతోషమే. కానీ ఎందుకు తగ్గిందో ఆలోచించండి. ఆకు కోసేవాళ్ల మాట విని తగ్గలేదు. దేశమంతా రేట్ల స్లాబులు సర్దినప్పుడు ఆ సర్దుబాటులో ఇదీ ఒక వరుస. రేపు ఇంకో సర్దుబాటులో పెరిగినా మనకు తెలిసేది పేపర్లోనే. అడగకుండా వేశారు, అడగకుండా తగ్గించారు.

చదువుకున్న మిత్రులు కొందరు ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. "ఆకు కోసినోళ్లు జీఎస్టీ కట్టరు కదా, కొన్నవాడు కడతాడు. వాడికీ బీడీ అమ్మినప్పుడు ఆ పన్ను క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. మరి మనకు నష్టమేంటి?" కాగితం మీద వాళ్లు చెప్పింది కరెక్టే. కల్లం మీద మాత్రం వేరు. ఆకు కొనేది మేలో. గోదాములో పెట్టి ఏడాది పొడుగునా కొంచెం కొంచెం బీడీలు చుట్టిస్తారు. పన్ను డబ్బు ముందే కట్టాలి, క్రెడిట్ మెల్లగా వస్తుంది. ఆ మధ్యకాలం వడ్డీ ఎవరి మీద పడుతుంది? 18 శాతం ఉన్నప్పుడు వంద రూపాయల ఆకు కొంటే 118 జేబులోంచి తీయాల్సి వచ్చినవాడు, వేలంలోకి వచ్చేటప్పుడే ఆ లెక్క వేసుకుని వచ్చేవాడు. సీసాలో ఉన్న బరువంతా అడుగునే దిగుతుంది. పన్నుల గొలుసులో అడుగున ఉన్నది ఆకు కోసే మనిషి. బేరమాడే శక్తి లేనివాడి మీదకే భారం జారుతుంది, బిల్లు మీద ఎవరి పేరున్నా.

పెసా చట్టం 1996లో వచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభదని రాసింది. 2006 అటవీ హక్కుల చట్టం అదే హక్కును మళ్లీ చెప్పింది. గడ్చిరోలిలో గ్రామసభలు కొట్లాడి తునికాకు తామే అమ్ముకుంటున్నాయి. మనమూ అది చేయాలని ప్రతి మీటింగ్‌లో తీర్మానిస్తాం. మంచిదే. కానీ యాజమాన్యం అంటే ఏంటి? చెట్టు నాది, ఆకు నాది, కోత నాది, అమ్మకం నాది. అమ్మకం ధరలో ఎంత భాగం సర్కారుకు పోవాలన్నది మాత్రం నా మండలంలో లేదు, నా జిల్లాలో లేదు, నా రాష్ట్రంలో కూడా లేదు. గ్రామసభ దాకా దిగివచ్చిన హక్కు పైన ఢిల్లీ దాకా ఎక్కిపోయిన అధికారం కూర్చుంది. మన సంఘాలు ఈ రెండింటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. అటవీ హక్కులు ఒక ఫైలు, పన్నులు ఇంకో ఫైలు. ఆ రెండో ఫైలు మనం తెరవనే లేదు.

ఇప్పుడు డబ్బు పంపకం సంగతి. ఇక్కడ మన కుర్రాళ్లు ఒక తప్పుదారిలో పోతున్నారని నా అభిప్రాయం, మొహమాటం లేకుండా చెప్తాను.

"మన దక్షిణాది పన్నులన్నీ బీహార్‌కు, యూపీకి పోతున్నాయి" అనే రీళ్లు మనోళ్లు కూడా షేర్ చేస్తున్నారు. ఆగండి తమ్ముళ్లూ. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వమంది. అందులో తెలంగాణ వాటా 2.102 శాతం, అంతకు ముందు 2.437. ఆంధ్రప్రదేశ్‌ది 4.305 నుంచి 4.047కు తగ్గింది. ఈ తగ్గుదల మీద హైదరాబాద్‌లో, అమరావతిలో బాధపడుతున్నారు. బాధపడనీయండి. కానీ ఆ పంపకంలో ఛత్తీస్‌గఢ్‌కు 3.407, జార్ఖండ్‌కు 3.307 పోయింది. గోదావరి అవతల సుకుమాలో, బీజాపూర్‌లో ఉన్నది ఎవరు? మన కోయలే, మన మేనరికాలే. ఒడిశాలో మల్కన్‌గిరిలో ఉన్నది ఎవరు? ఉన్నోడి దగ్గర తీసి లేనోడి ఊళ్లో బడి కట్టడం తప్పని ఆదివాసీ ఎప్పటినుంచి అంటున్నాడు? వేటాడిన మాంసం గూడెమంతా పంచుకున్న జాతి మనది. డబ్బు ఒకచోట పోగేసి అవసరాన్ని బట్టి పంచుకోవడానికి మనం వ్యతిరేకం కాదు. ఏ మాంసం వేటాడాలో, ఎవరు ఎంత తేవాలో, పంచేముందు పక్కన ఎంత దాచుకోవాలో అన్నీ ఒక్కడే చెప్తానంటేనే పేచీ.

అవును, దాచుకోవడం. అసలు మోసం అక్కడుంది. రాష్ట్రాలకు 41 శాతం ఇస్తున్నామని కేంద్రం చెప్పుకుంటుంది. ఆ 41 మొత్తం పన్నుల్లో కాదు. సెస్సులు, సర్‌చార్జీలు పక్కన పెట్టాక మిగిలినదాంట్లో. 270వ అధికరణం ప్రకారం సెస్సును పంచాల్సిన పని లేదు. పంచనక్కర్లేని డబ్బు పెంచుకోవడం ఎవరికి చేదు? మొత్తం కేంద్ర పన్నుల వసూళ్లలో సెస్సులు, సర్‌చార్జీల భాగం 2011-12లో సుమారు 10 శాతం ఉంటే, 2020-21 నాటికి దాదాపు 20 శాతానికి చేరింది.

బండిలో పోసుకునే పెట్రోల్‌తో చెప్తాను, బాగా అర్థమవుతుంది. 2022 మేలో తగ్గించినప్పుడు లీటర్ పెట్రోల్ మీద కేంద్రం పన్ను 19 రూపాయల 90 పైసలు ఉండేది. ఇందులో అన్ని రాష్ట్రాలతో పంచుకోవాల్సిన అసలు ఎక్సైజ్ సుంకం ఎంతో తెలుసా? 1 రూపాయి 40 పైసలు. మిగిలిన 18 రూపాయల 50 పైసలు ప్రత్యేక సుంకమనీ, రోడ్డు సెస్సనీ, వ్యవసాయ సెస్సనీ పేరు మార్చి కేంద్రమే ఉంచుకుంది. 1.40లో 41 శాతం అంటే 57 పైసలు. అది అన్ని రాష్ట్రాలకూ కలిపి. అందులో తెలంగాణ వాటా పైసాకు కొంచెం పైన. గూడెం నుంచి మండలానికి బండి మీద పోయే కుర్రాడు లీటర్‌కు దాదాపు ఇరవై రూపాయలు కేంద్రానికి కడితే, అందులో పంపకం దారిలో తన రాష్ట్రానికి తిరిగొచ్చేది ఒక పైసా. ఆ పైసాలోంచి ఆ గూడేనికి రోడ్డు రావాలి!

రాష్ట్రం మాత్రం తక్కువ తిన్నదా? తెలంగాణ పెట్రోల్ మీద 35.2 శాతం వ్యాట్ వేస్తుంది. రాష్ట్రాల హక్కులని గొంతు చించుకునే నాయకులు గ్రామసభ హక్కుల దగ్గరకొచ్చేసరికి మూగవాళ్లవుతారు. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన ఉపప్రణాళిక డబ్బు పక్కదారి పట్టకుండా 2013లో చట్టమే చేయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఆ డబ్బు ఎటు పోయిందో వేరే చెప్పాలా? అందుకే అంటున్నా, కేంద్రం మీద కొట్లాటలో రాష్ట్ర ప్రభుత్వాలకు మనం జెండా మోసే కూలీలం కాకూడదు. అధికారం ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చి అక్కడే ఆగిపోతే ఆ అవ్వ ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది.

బొగ్గు దగ్గర ఈ సంగతి ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు... గోదావరి లోయ బొగ్గు ఎవరి భూముల కింద ఉందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. రాయల్టీ రేటు నిర్ణయించేది 1957 గనుల చట్టం కింద కేంద్రమే. దాని మీద 2010లో టన్నుకు 50 రూపాయల క్లీన్ ఎనర్జీ సెస్సు వేశారు. 2016 కల్లా అది 400 అయింది. బొగ్గు వల్ల పాడైన గాలీ నీరూ బాగుచేయడానికని పేరు. 2017లో దాన్నే జీఎస్టీ పరిహార సెస్సుగా మార్చి, రాష్ట్రాల ఆదాయం తగ్గితే పూడ్చడానికి వాడారు. మన వాగు నల్లబడిందని వేసిన పన్ను, వాగు దగ్గరకు రాకుండానే లెక్కల పుస్తకంలో ఇంకో పేజీకి మారిపోయింది. 2025 సెప్టెంబర్‌లో ఆ 400 తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18కి పెంచారు. ఈ మూడు మార్పుల్లో ఒక్కదానికైనా గని పక్క గూడేన్ని ఎవరైనా పిలిచి మాట్లాడారా?

2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1తో ఒక తీర్పు ఇచ్చింది. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద, ఖనిజాలున్న భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పింది. 1989 నుంచి ఉన్న ఇండియా సిమెంట్ తీర్పు పోయింది. జార్ఖండ్ అదే ఏడాది ఖనిజ భూముల సెస్సు చట్టం చేసింది. మన పక్క ఈ తీర్పు మీద సంబరాలు తక్కువే జరిగాయి, జరగాల్సింది. కానీ ఒక మెలిక ఉంది. ఖనిజ హక్కుల పన్నుకు పార్లమెంటు చట్టంతో హద్దు పెట్టవచ్చని రాజ్యాంగం ఏడో షెడ్యూల్లోనే ఉంది. అంటే తలుపు తెరుచుకుంది కానీ గొళ్లెం ఢిల్లీ చేతిలోనే ఉంది. ఈలోపు మన రాష్ట్రాలు ఆ పన్ను వేస్తే, మొదటి రోజే మనం అడగాల్సింది ఒకటి: అందులో ఎంత భాగం ఏ గ్రామసభ ఖాతాలోకి వస్తుందో చట్టంలోనే రాయండి. జిల్లా ఖనిజ నిధి లాగా కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరిగే డబ్బు మాకు వద్దు.

"ఏజెన్సీకి వేరే పన్ను లెక్క కుదరదు, దేశమంతా ఒకే పన్ను" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు రాజ్యాంగాన్ని సగమే చదివారు. ఆరో షెడ్యూల్ ప్రాంతాల్లో స్వయంప్రతిపత్తి జిల్లా మండళ్లకు భూమి శిస్తు, వృత్తులు, వ్యాపారాల మీద, బజారులోకి వచ్చే సరుకు మీద పన్ను వేసే అధికారం ఉంది. ఆదాయపు పన్ను చట్టం 1961లో 10(26) సెక్షన్ ఈశాన్యంలోని గిరిజన ప్రాంతాల్లో, లడఖ్‌లో ఉండే షెడ్యూల్డ్ తెగలవాళ్లు అక్కడ సంపాదించిన ఆదాయానికి పన్ను లేదంది. అదే దేశం, అదే షెడ్యూల్డ్ తెగ అనే మాట. కానీ భద్రాచలంలో, పాడేరులో, ఉట్నూరులో ఉన్న ఆదివాసీకి అది వర్తించదు, ఎందుకంటే మనది ఐదో షెడ్యూల్. చివరికి జీఎస్టీ తెచ్చిన 101వ సవరణే ఆరో షెడ్యూల్ మండళ్లకు వినోదాల మీద పన్ను వేసే అధికారం కొత్తగా కలిపింది. దేశమంతా ఒకే పన్ను అని చాటింపు వేసిన చేత్తోనే! కాబట్టి వేరే లెక్క కుదరదనడం అబద్ధం. మనకు కుదర్చలేదు, అంతే.

మరి ఐదో షెడ్యూల్లో ఏముంది? పేరా 5(1) ఉంది. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని, లేదా ఫలానా మార్పులతో వర్తిస్తుందని గవర్నర్ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. జీవో 3 తీర్పు 2020లో మనల్ని ఎంత దెబ్బకొట్టిందో మీకు తెలుసు. గవర్నర్ ఆ పేరా కింద కొత్త చట్టం చేయలేరని ఆ తీర్పు చెప్పింది. సరే. కొత్త చట్టం అడగడం లేదు. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు మీద జీఎస్టీ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో మినహాయింపుతో వర్తించాలని అడుగుతున్నాం. ఉన్న చట్టానికి మినహాయింపు ఇవ్వడం ఆ పేరాలో మొదటి మాటే. పైగా కౌన్సిల్ సిఫార్సులు కేంద్రాన్నీ రాష్ట్రాలనూ కట్టిపడేసేవి కావని, వాటికి ఒప్పించే విలువ మాత్రమే ఉందని 2022 మే 19న మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. లాయర్లు దీని మీద వాదించుకుంటారు, వాదించుకోనీయండి. కనీసం అడిగిన కాగితం ఒకటి గవర్నర్‌కు చేరాలి కదా. ఉద్యోగాల కోసం వందసార్లు పేరా 5 పేరెత్తాం. ఆకు కోసం ఎన్నిసార్లు ఎత్తాం?

ఒక అభ్యంతరం మిగిలింది. "ఒక్కో ప్రాంతానికి ఒక్కో రేటు ఉంటే వ్యాపారి పన్ను తక్కువున్న చోటికి పారిపోతాడు" అంటారు. పరిశ్రమల విషయంలో అది నిజం కావచ్చు. తునికి చెట్టును వేళ్లతో సహా పీకి ఇంకో రాష్ట్రంలో నాటుకోలేడు కదా. ఆకు ఉన్న చోటికే వాడు రావాలి.

పన్ను గురించి పట్టించుకోవడం మనకు కొత్త అలవాటు కూడా కాదు. 1879 రంప పితూరీ ఎందుకు రగిలింది? చిగురుపన్ను. తమ చెట్టు కల్లు తాము గీసుకుని తాగినందుకు కొండరెడ్ల మీద, కోయల మీద పన్ను. మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ చట్టం ఎక్కడో తయారై, మన్సబ్‌దారు చేతిలో ఆయుధమై, కొండ మీదకొచ్చింది. జోడేఘాట్‌లో కొమురం భీం 1940లో ప్రాణమిచ్చిన పోరాటంలో పశువుల మేత మీద పన్ను, కట్టె కొడితే పన్ను ఉన్నాయి. జల్ జంగల్ జమీన్ అని మనం టీషర్టుల మీద వేసుకుంటున్నాం. ఆ పోరాటం వెనుక పన్నుల భారం కూడా ఉంది. అప్పటివాళ్లకు పన్ను వేసినవాడు ఎవరో తెలుసు. తహసీల్దారు, ఫారెస్టు జవాను, మన్సబ్‌దారు. మొహం కనిపించేది. ఇప్పుడు మొహం లేదు. బిల్లు కింద చిన్న అక్షరాల్లో రెండు వరుసలు, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ.

ఈ సీజన్ కొమ్మ కొట్టే పని మొదలయ్యేలోపు మన మండలాల్లో గ్రామసభలు పెట్టిద్దాం. తీర్మానం పెద్దగా అక్కర్లేదు, మూడు ముక్కలు చాలు. తునికాకు సహా చిన్నతరహా అటవీ ఉత్పత్తులన్నిటి మీద పన్ను సున్నా చేయాలని కౌన్సిల్‌లో మా రాష్ట్ర ఆర్థిక మంత్రి లిఖితపూర్వకంగా అడగాలి, అడిగిన కాగితం మాకు చూపాలి. పేరా 5(1) కింద మినహాయింపు నోటిఫికేషన్ కోసం గవర్నర్‌కు మా విజ్ఞప్తి పంపుతున్నాం. ఖనిజ భూముల మీద రాష్ట్రం పన్ను వేస్తే అందులో గ్రామసభ వాటా చట్టంలో ఉండాలి. తెల్లకాగితం మీద రాసి, వేలిముద్రలు, సంతకాలు పెట్టించి, ఒక కాపీ ఐటీడీఏ పీవోకు ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు తప్పనిసరి, మర్చిపోకండి. ఇంకో కాపీ ఫోటో తీసి ఇక్కడ కామెంట్‌లో పెట్టండి.

మా గూడెం తీర్మానం మీద మొదటి వేలిముద్ర ఆ అవ్వది. వేయడానికి ముందు కాగితం మొత్తం నాతో చదివించుకుంది. "గా మంత్రి పేరు రాయి బిడ్డా, ఉత్త మంత్రి అంటే ఏ మంత్రో ఎట్ల తెలుస్తది" అంది. రాశాను.